లచ్చన్న ఎత్తిన కప్పు

దుబాయిలో ఒక ఆడమనిషికి ఊపిరి ఆడడం లేదని, లచ్చన్న ఒక ఇంటికప్పును, దాని మీదున్న లారీడు మంచుతో సహా, ఒంటిచేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఒక పూటో, ఒక రోజో కాదు. ఎండాకాలం మొదట్లో ఎత్తినవాడు ఖర్జూరాలు పండేదాకా దించలేదు. రెండో చేత్తో చాయ్ తాగాడు, ఫోన్ మాట్లాడాడు, ముదీర్, అంటే మేనేజరు, ఎదురైతే సలాం కొట్టాడు. నమ్మేవాళ్ళు నమ్మండి. నమ్మనివాళ్ళు సోనాపూర్ పోయి తెలుగువాళ్ళున్న ఏ కూలీల క్యాంపులోనైనా అడగండి. ఈ కథ వినని మంచం అక్కడ లేదు. కొన్ని గదుల్లో ఆ కప్పు కింద ఊపిరాడనివాళ్ళు పదిమంది ఉంటారు. ఒక గదిలోనైతే లచ్చన్న కప్పుతో పాటు ఒక ఒంటెను కూడా ఎత్తాడు. అది మరీ ఎక్కువ. ఒంటె సంగతి అబద్ధం.

దుబాయిలో ఇళ్ళ మీద మంచేమిటని అడుగుతారు, అడగాలి కూడా. అక్కడ ఒక పెద్ద మాల్ కడుపులో మంచుహాలు ఒకటి ఉంది. బయట తారురోడ్డుకు చెప్పు అంటుకుపోయే ఎండ కాస్తుంటుంది. గాజుతలుపు దాటితే చాలు, మీసం మీద చెమట గడ్డకడుతుంది. పైన గొట్టాలు నీళ్ళను పొగలా చిమ్ముతాయి, అవి నేలకు దిగేలోపు మంచైపోతాయి. జనం టికెట్టు కొనుక్కుని మరీ వచ్చి వణికి వెళ్తుంటారు. డబ్బిచ్చి వణికేవాళ్ళను చూసి లచ్చన్న మొదటిరోజు నోరు తెరిచాడు. చలికి వెంటనే మూసేశాడు.

ఆ హాలు నడిమధ్యలో ఒక చెక్క ఇల్లు ఉంది. చలిదేశాల్లో ఎలా కడతారో అలాగే, ఏటవాలు కప్పుతో కట్టారు. ముందు భాగంలో కాఫీ హోటలు, వెనక వంటగది. లోపల హీటర్లు పెట్టి వెచ్చగా ఉంచుతారు. కప్పు మీద మాత్రం మూరెడు మంచు, అసలుసిసలు మంచు, తెల్లగా కూర్చుని ఉంటుంది. ఆ కప్పును చూసుకోవడమే లచ్చన్న ఉద్యోగం.

లచ్చన్నకు కప్పులు కొత్త కాదు. కోరుట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో వయసులో ఉన్నప్పుడు, వానలు పడకముందే గూనపెంకుల ఇళ్ళన్నీ ఎక్కి పెంకులు సర్దేవాడు. పిల్లి నడిచినా పగిలే పెంకుల మీద ఇతను నిద్ర కూడా పోయేవాడట. గల్ఫ్‌కు వచ్చాక షార్జా మేడల కప్పులు కారకుండా తారు పూశాడు. అతను పూసిన తారంతా గీకి తెస్తే కోరుట్ల నుంచి నిజామాబాద్ దాకా ఒక రోడ్డు వేయొచ్చు, మధ్యలో టీ హోటళ్ళ ముందు పార్కింగుకు కూడా మిగులుతుంది. అలాంటివాడు ఒక జూన్‌లో కప్పు మీదే, చేతిలో బ్రష్షుతోనే, వడదెబ్బకు పడిపోయాడు. ఇక ఎండ పడదన్నాడు డాక్టరు. ఎండ పడదంటే కంపెనీ అతన్ని తీసుకుపోయి మంచులో పడేసింది.

అప్పటి నుంచి సోనాపూర్‌లో తెల్లారి బస్సు ఎక్కేటప్పుడు లచ్చన్న ఒక వింత. అందరూ తడిగుడ్డ మెడకు చుట్టుకుని నిలబడితే, ఇతని చంకలో దూది కోటు, మంకీ టోపీ. అదే గదిలో ఉండే దేవేందర్‌ది పక్క ఊరు, వరసకు బావమరిది. రోజూ ఆ వాలకం చూసి ఊరుకునేవాడు కాదు.

“ఏం బావా, కాశ్మీరుకేనా?”

“కాదుర, మీ అత్తగారింటికి. నిన్నైతే రానిస్తలేరట గద.”

బస్సంతా నవ్వేది. ఎండ ముదరకముందు వాళ్ళకు దొరికే చల్లదనం ఆ నవ్వొక్కటే.

చెక్క ఇంటి వంటగదిలో వీరదుర్గ పనిచేసేది. రాజోలు వైపు మనిషి, మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. పేరు కరుణ, రాజమండ్రిలో నర్సింగు చదువుతోంది. లచ్చన్నకూ ఆమెకూ మొదటి పరిచయం వెనక తలుపు దగ్గర తగాదాతో జరిగింది. గడ్డకట్టిన తలుపు బందుల మీద పోయడానికి వేడినీళ్ళ కోసం వచ్చి, అతను తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు.

“ఏవండీ, ఆ తలుపు కూత్త ఏసేత్తారా? చలంతా లోపలికొచ్చేత్తందండి.”

“గీ అండి అండి ఏంది? నేనేమన్న ఆఫీసరునా?”

“మా ఊళ్ళో గేదెనైనా అండీ అనే పిలుత్తావండి.”

“అంటే నేను బర్రెనా?”

“గేదైతే పాలిచ్చేదండి. మీరు నీళ్ళడగడానికి వచ్చారు.”

లచ్చన్న వేడినీళ్ళు పట్టుకుని, తలుపు వేసి మరీ వెళ్ళిపోయాడు. ఈ సంగతి అతను దేవేందర్‌కు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఏడాదంతా బస్సులో బర్రె అరుపులే వినాల్సి వచ్చేది.

తర్వాత ఒక మధ్యాహ్నం వేడినీళ్ళ కోసమే వెళ్తే, వీరదుర్గ పొయ్యి పక్క బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని వంగి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. భుజాలు పైకి లేస్తున్నాయి, ఊపిరి మాత్రం లోపలికి పోతున్నట్టు లేదు. సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు.

“ఏమైంది?”

“ఏం లేదండీ. ఆవిరండి. అంతే.”

అంతే కాదని లచ్చన్నకు తెలుసు. ఆ చప్పుడు అతను ముందే విన్నాడు. కరోనా రెండోసారి ఊళ్ళమీద పడినప్పుడు, షార్జాలో ఒక కప్పు మీద నిలబడి ఫోన్‌లో విన్నాడు. అవతల ఉన్నది సాయవ్వ, అతని అక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. విమానాలు లేవు. ఫోన్‌లోంచి ఊపిరి పంపించే ఏర్పాటు దుబాయిలో కూడా ఇంకా రాలేదు. లచ్చన్న ఎడమచేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, కుడిచేతిలో తారు బ్రష్షు పట్టుకుని, ఆ ఈల ఆగిపోయేదాకా విన్నాడు. బ్రష్షు కింద పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు.

వీరదుర్గకు ఉన్నదీ అదే జబ్బు మిగిల్చిన బాధే. బర్ దుబాయ్‌లో ఆడవాళ్ళు ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు తలపెట్టి పడుకునే ఫ్లాటులో ఉన్నప్పుడు ఆమెకు కరోనా వచ్చింది. ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు ఎంత మిగిలాయో ఎవరూ చూడలేదు, ఆమె చూపించుకోలేదు. దగ్గేవాళ్ళను వంటగదిలో ఉంచరు, ఇంటికి పంపేస్తారు. కరుణ చదువు అయ్యేదాకా ఇక్కడ నిలబడాలి. అందుకే దగ్గొచ్చినప్పుడల్లా కొళాయి తిప్పేది. నీళ్ళ చప్పుడులో దగ్గు కలిసిపోయేది.

ఆ వంటగదికి కిటికీ లేదు. పొయ్యి మీద పొగను లాగే ఫ్యాను ఉంది కాని, గట్టిగా తిప్పితే అది పొగతో పాటు ఇంట్లో వెచ్చదనాన్ని కూడా లాగేసి, తలుపు సందుల్లోంచి చలిని లోపలికి పిలిచేది. కాఫీ తాగేవాళ్ళు గోల పెట్టారు. టికెట్టు కొని వణికినవాళ్ళే, కాఫీ కొన్నాక ఇక వణికేది లేదన్నారు. ముదీర్ ఫ్యానును నెమ్మదిగా తిప్పమన్నాడు. ఇంకో ఫ్యాను పెట్టించమని అడిగితే ఇన్షా అల్లా అన్నాడు. పాలు మరిగిన ఆవిరి, నూనె పొగ, పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆమె తల చుట్టూ తిరుగుతూ ఉండేవి.

లచ్చన్న తల ఎత్తి చూశాడు. తెల్లటి సీలింగు పలకలు కనబడ్డాయి. అతనికి మాత్రం అక్కడ సాయవ్వ వంటిల్లు కనబడింది. కట్టెల పొయ్యి పొగ కమ్ముకున్నప్పుడు సాయవ్వ దగ్గుతూ కేకేసేది. ఇతను ఇల్లెక్కి పొయ్యికి సరిగ్గా పైన ఒక పెంకు పక్కకు జరిపేవాడు. పొగ, సెగ, సూటిగా ఆకాశానికి పోయేవి. కింద సాయవ్వ “హమ్మ” అనేది. ఆ ఒక్క మాట కోసం అతను ఎన్నిసార్లయినా ఇల్లెక్కేవాడు. వేడిని కప్పులోంచి బయటికి పోనిచ్చేదే మంచి ఇల్లు. గూనపెంకు కింద పుట్టిన ఎవర్ని అడిగినా ఆ మాటే చెప్తారు.

భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు అతను స్టూలెక్కి ఒక పలకను పైకి నెట్టాడు. దాని మీద పసుపుపచ్చ దూది లాంటిది దట్టంగా పరిచి ఉంది. దాన్ని చుట్టి పక్కకు తోశాడు. పైన చీకటి అటక, దాని పైన కప్పు. గదిలోని ఆవిరి ఒక్కసారి కదిలి, తాడులా మెలిదిరిగి, ఆ సందులోంచి పైకి ఎక్కిపోయింది.

వీరదుర్గ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది. అడ్డం లేకుండా లోపలిదాకా పోయింది ఆ ఊపిరి. మళ్ళీ పీల్చింది.

“ఇదంతా ఎక్కడికెల్తందండీ?”

“మీదికి.”

“మీదికంటే?”

“మీదున్నాయన దగ్గరికి. ఆయనకు గూడ చలి వెడుతుండొచ్చు.”

ఆ రోజు నుంచి వంటగదిలో కొళాయి అవసరానికే తిరిగింది. వీరదుర్గకు ఇంత మాట ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గోదారి వరదలో వాళ్ళ కోడిపుంజు అరటిబోదె మీద నిలబడి లంక దాటిన కథ, దారిలో అది ఇద్దరు మనుషుల్ని కూడా ఎక్కించుకున్న కథ, రోజుకో రకంగా చెప్పేది. లచ్చన్నకు దాచి ఒక కప్పు వేడి చాక్లెట్టు ఇచ్చేది.

“గిదేం చాయ్ చెల్లె? బురద లెక్కున్నది.”

“అది తాగడానికి బయట క్యూలో ఉన్నారండీ జనం.”

“వాళ్ళకు నాటేసిన అలవాటు లేదు. కాళ్ళకు అంటాల్సింది నోట్లె పోసుకుంటున్నరు.”

కూతురితో ఫోన్‌లో ఆమె అన్న మాట అతను తలుపు బయట నిలబడి విన్నాడు. “మా అన్నయ్యగారే, ఇక్కడాయన. నాకు ఊపిరాడట్లేదని ఇంటికప్పే ఎత్తేసారే! నిజం! ఒంటిచేత్తో!” లచ్చన్న సిగ్గుపడి, మంచులేని చోట కూడా పారతో గీకుతూ కూర్చున్నాడు.

అప్పుడే వెనక చూరుకు మంచుకడ్డీలు వేలాడడం మొదలైంది. మొదట వేలెడు, తర్వాత చెయ్యంత. దీపాల వెలుగుకు గాజులా మెరుస్తుంటే జనం విరగబడి ఫోటోలు తీసుకున్నారు. ముదీర్ వచ్చి చూసి, వీటిని తయారుచేసిందెవరని మురిసిపోయాడు. లచ్చన్న ఒక అడుగు ముందుకేసి, ఎందుకైనా మంచిదని ఆగాడు.

ఆగడమే మంచిదైంది. కడ్డీల వెనక, చూరు అంచు పొడవునా, మంచు గట్టిపడి లావెక్కింది. చివరికి పొలం గట్టంత అయింది. దాని వెనక కప్పు మీద నీళ్ళు నిలిచాయి. కిందికి పోవడానికి దారిలేక ఆ నీళ్ళు వెనక్కి ఎక్కి, చెక్కపెంకుల కిందికి దూరి, కాఫీ హోటల్లో ఒకావిడ కేకు మీద చుక్క చుక్కగా పడ్డాయి.

లచ్చన్న సుత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కాడు.

“మార్ మత్!” కొట్టొద్దని కింద నుంచి సనావుల్లా అరిచాడు. అతను సూపర్‌వైజరు, పాకిస్తాన్‌లో చిత్రాల్ కొండల మనిషి. ఆ హాలులో పనిచేసేవాళ్ళందరిలో నిజంగా ఆకాశం నుంచి పడిన మంచును చూసినవాడు అతనొక్కడే. కొడితే మంచు కంటే ముందు కప్పు పగులుతుందని తిట్టి, ఒక పాత సాక్సు తెప్పించాడు. దాన్నిండా ఉప్పు కూరి, మూతి ముడివేసి, మంచుగట్టు మీద పైనుంచి కిందికి నిలువుగా పడుకోబెట్టించాడు. సాయంత్రానికి ఉప్పు మంచును తినేసి, సాక్సు కిందికి దిగిపోయి, సన్నటి కాలువ పడింది. నిలిచిన నీళ్ళు అందులోంచి బుడబుడమని పోయాయి.

“గిది మడవ గద!” అన్నాడు లచ్చన్న. గట్టుకు గండి కొట్టి నీళ్ళు వదలడం, చేనుకు నీళ్ళు కట్టిన ప్రతివాడికీ తెలిసిన పని. అతనికి ఎక్కడలేని హుషారొచ్చింది. వీరదుర్గ వంటగదిలో ఉప్పు, సోనాపూర్‌లో సాక్సులు మాయమవడం మొదలైంది. ఆ నెలలో ఒక్క క్యాంపు నుంచే లారీడు సాక్సులు పోయాయంటారు. నిజానికి పోయినవి లచ్చన్నవి, దేవేందర్‌వి.

“బావా, నా సాక్సులేవి?”

“ఇంటిమీద ఆరుతున్నయ్.”

“ఎవలింటి మీద?”

“నీకెందుకుర? మంచి ఇల్లే.”

కాని ఏ మడవా మర్నాటికి నిలవలేదు. రాత్రికి రాత్రి పూడిపోయి, గట్టు మళ్ళీ లేచేది. ఒకరోజు సనావుల్లా నిచ్చెన కింద నిలబడి కప్పునే చూస్తూ, తన ఉర్దూలో నిదానంగా చెప్పాడు. ఈ ఉప్పు మందు కాదు, పట్టీ. జబ్బు లోపలుంది. ఇంట్లోని వేడి ఎక్కడి నుంచో అటకలోకి ఎక్కుతోంది. అది మంచును అడుగు నుంచి కరిగిస్తోంది. ఆ నీళ్ళు జారి చూరు దగ్గరికి వస్తాయి. చూరు కింద గది లేదు, వేడి లేదు. అక్కడ గడ్డకడతాయి. “ఘర్ గరమ్, ఛత్ ఠండీ. ఇల్లు వెచ్చగా, కప్పు చల్లగా. మంచుదేశంలో ఇల్లు బతికేది అట్లా. కప్పుకు వెచ్చదనం తెలియకూడదు, లచ్చన్. ఆ సందు ఎక్కడుందో వెతకాలి.”

లచ్చన్న చేతిలో ఉప్పు సాక్సు ఉంది. తల ఎత్తి చూశాడు. కప్పంతా మంచు మందంగా ఉంది. వంటగదికి పైన మాత్రం పల్చబడి, చెక్క కనబడుతోంది. వీరదుర్గ పొయ్యికి సరిగ్గా పైన.

అతను సాక్సు ముడి బిగించాడు. ఆ సందు ఎక్కడుందో ఆ హాలులో ఇద్దరికే తెలుసు, అందులో ఒకామె దానిలోంచే బతుకుతోంది.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టాడు. కప్పు మీద మంచే లేకపోతే కరిగేదేముంది? మర్నాటి నుంచి అందరికంటే ముందు బస్సెక్కి వచ్చి, హాలు తెరిచేలోపు వెనకవాలు కప్పునంతా పారతో లాగి తుడిచేసేవాడు. గొట్టాలు రాత్రి మళ్ళీ కప్పేసేవి. ముదీర్‌కు కప్పు తెల్లగా కనబడాలి, కాబట్టి పగలు కూడా కాసేపు మంచు చిమ్మించేవాడు. లచ్చన్న మళ్ళీ ఎక్కేవాడు. తన పని కాక ఇది ఇంకో పని. కుడిభుజం వాచింది. అన్నం ముద్ద ఎడమచేత్తో తినడం చూసి దేవేందర్ కూడా వెక్కిరించడం మానేశాడు. సోనాపూర్ కథల్లో లచ్చన్న కప్పు మోశాడని చెప్పేది అబద్ధమే కావచ్చు. ఆ రోజుల్లో అతని భుజాన్ని చూసినవాళ్ళెవరూ దాన్ని అబద్ధమనలేరు.

ఒక సెలవురోజు జనం కిక్కిరిసి ఉన్న వేళ, చూరు మీది మంచుగట్టులో ఒక ముక్క ఊడి పడింది. కింద మంచు మీద జారే ఒక ఎర్రటి బండి ఉంది. దాంట్లోంచి ఒక బాబు అప్పుడే లేచి, చాక్లెట్టు కోసం తల్లి దగ్గరికి పరిగెత్తాడు. బండి మధ్యకు విరిగింది. తల్లి కేక హాలంతా వినబడింది. తాళ్ళు కట్టి జనాన్ని పక్కకు తప్పించాక సనావుల్లా గట్టిగానే చెప్పాడు, రేపు పొద్దున తానే అటక ఎక్కి చూస్తానని. “జిస్‌నే భీ ఛేడా హై, ఉస్‌కా ఖలాస్.” ముట్టుకున్నవాడి పని అయిపోయినట్టే.

అటక కింది పలక తెరిచి ఉంటే మొదటి ప్రశ్న వంటగదిలో ఉన్నామెకే పడుతుంది. అది ఒక భయం. బాబు లేచిన ఆ ఎర్రబండి ఇంకో భయం. లచ్చన్న వెనక తలుపు తీసుకుని లోపలికి పోయాడు. వీరదుర్గ పాలు తిప్పుతోంది.

“చెల్లె, గా పలక మూయాలె.”

ఆమె గరిటె ఆపలేదు. “ఆ మంచుముక్క దీనివల్లే పడిందాండీ?”

“ఆ.”

“పిల్లోడికేవన్నా అయ్యిందా?”

“కాలే. బండి విరిగింది.”

“అయితే మూసెయ్యండి.”

“మరి నీకు...”

“ఇన్నాళ్ళూ పీల్చుకున్నాను కదండీ. ఓ సంచీడు దాచుకున్నానులెండి.”

“ఫంకా పెట్టిపిస్త. సనావుల్లా కాళ్ళు వట్టుకుంట. నీ పేరు రానియ్య.”

“ముందు మూసెయ్యండన్నయ్యగారూ. నేను చూత్తా ఉంటే మీ వల్ల కాదు.” అని ఆమె గోడవైపు తిరిగింది.

లచ్చన్న స్టూలెక్కాడు. పసుపు దూదిని చివరలు మడత పడకుండా పరిచాడు. పలకను దాని చోట కూర్చోబెట్టాడు. అంచుల చుట్టూ టేపు వేసి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. చెడ్డ పనివాడైతే ఎక్కడో ఒక సందు మిగిల్చేవాడు. లచ్చన్న జన్మలో కప్పు పని చెడ్డగా చేయలేదు. వెంట్రుక దూరే చోటు కూడా మిగల్లేదు. ఆవిరి పైకి పోయి, పలకకు తగిలి, వెనక్కి తిరిగి వచ్చింది.

మర్నాడు సనావుల్లా అటక ఎక్కి దిగాడు. కొత్త టేపును చూశాడు. లచ్చన్న భుజాన్ని చూశాడు. “అచ్ఛా బంద్ కియా హై,” బాగా మూశావు, అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఫ్యాను గురించి మాత్రం ముదీర్‌ను వారంవారం అడిగాడు. ముదీర్ వారంవారం ఇన్షా అల్లా అన్నాడు.

మంచుగట్టు మళ్ళీ లేవలేదు. చూరు శుభ్రంగా, కప్పు తెల్లగా ఉన్నాయి. ఫోటోలకు కడ్డీలు లేవని ముదీర్ బాధపడి, ప్లాస్టిక్ కడ్డీలు తెప్పించి వేలాడదీయించాడు. వాటికి మేకులు కొట్టింది లచ్చన్నే.

వంటగదిలో కొళాయి మళ్ళీ తిరగడం మొదలైంది. లచ్చన్న ఏదో పని పెట్టుకుని వెనక తలుపు కాస్త తెరిచేవాడు. చల్లగాలి తగిలి ఆమె ఇంకా దగ్గేది. మూసేవాడు. మళ్ళీ తెరిచేవాడు. కోడిపుంజు కథ అరటిబోదె ఎక్కేదాకా వచ్చి ఆగిపోయేది, లంక దాటేది కాదు.

ఒక మధ్యాహ్నం మాడిన పాల వాసన వెనక తలుపు దాటి వచ్చింది. లచ్చన్న పార పడేసి పరిగెత్తాడు. పాలు పొంగి పొయ్యి నిండా నల్లబడ్డాయి. కొళాయి తిరుగుతూనే ఉంది. వీరదుర్గ దాని కింద నేలమీద ఉంది.

ఆస్పత్రిలో ఆమె ఊపిరితిత్తులను మొదటిసారి ఫోటో తీశారు. ఇక పనికి పనికిరాదన్నారు. వీసా రద్దయింది. వెళ్ళేముందు అల్ నహ్దాలో ఆమె ఉండే గదికి లచ్చన్న వెళ్ళాడు. తోటి ఆడవాళ్ళు పెట్టె సర్దుతున్నారు. ఆమె మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“ఫ్యాను పెట్టారాండీ?”

“పెడ్తరట.”

“పెట్టించండి. తరవాతొచ్చేవాళ్ళకి పనికొత్తది.”

“చెల్లె, నేనుగిన గా పలక...”

“కోడి లంక దాటిందండీ,” అంది ఆమె నవ్వుతూ. “చెప్పడం మర్చిపోయాను. దాటేసింది.”

ఫ్యాను తర్వాత వచ్చింది. అప్పటికి ఆ పొయ్యి దగ్గర ఒక కుర్ర వంటవాడు ఉన్నాడు. దాన్ని అతను తల ఎత్తి కూడా చూడలేదు.

రాజోలు నుంచి వీరదుర్గ ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపేది. మొదట్లో ఒక్కొక్కటి లచ్చన్న బస్సు దిగేదాకా సాగేది. చెరువు చేపలు, పక్కింటివాళ్ళ గొడవలు, వాన. తర్వాత అవి పొట్టివయ్యాయి. తర్వాత “బాగున్నారాండీ” అన్నంత మిగిలింది. ఆఖరిదాంట్లో ఆ మాట కూడా లేదు, ఊపిరి ఉంది. లచ్చన్న దాన్ని చివరిదాకా విన్నాడు. ఈసారి చేతిలో బ్రష్షు కూడా లేదు.

కరుణ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది వీరదుర్గ దినాలైపోయాక. సెలవురోజు, సోనాపూర్ గదిలో అన్నం ఉడుకుతోంది. దేవేందర్ కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. లచ్చన్న చేతులు కడుక్కుంటున్నాడని దేవేందరే స్పీకరు నొక్కి ఫోన్ మంచం మీద పెట్టాడు.

“మావయ్యగారండీ, నేను కరుణనండి.”

“చెప్పు బిడ్డా.”

“అమ్మకి బాగా ముందే పాడైపోయాయంటండి, ఊపిరితిత్తులు. కరోనా అప్పుడే. ఎవరేం చేసినా ఆగేది కాదని డాక్టరుగారన్నారండి. మీకు చెప్పమందండి అమ్మ. ముందే చెప్పి పెట్టుకుంది.”

లచ్చన్న తడిచేతులు తుడుచుకోలేదు.

“ఇంకోటండి. అమ్మ ఆఖరిదాకా మా ఊళ్ళో అందరికీ చెప్పేదండి. దుబాయ్‌లో మా అన్నయ్యగారు నాకోసం మంచుతో ఉన్న ఇంటికప్పుని ఒంటిచేత్తో ఎత్తి పట్టుకున్నారని. చూడ్డానికొచ్చినోళ్ళందరికీ చెప్పిందండి. జనం నవ్వితే ఒట్టేసేది. నిజవేనాండీ మావయ్యగారూ?”

గదిలో మంచాల మీదున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. దేవేందర్ కత్తి ఆపి, అవునను బావా, అవునని చెప్పు, అని తల ఊపాడు. కళ్ళలో నీళ్ళు ఉల్లిగడ్డవి కావు. రాజోలు నుంచి వచ్చినవాళ్ళ నోట కథ ఎప్పుడో ఆ గది కూడా దాటిపోయింది, పక్క క్యాంపులో ఒంటె కూడా చేరింది. ఒక్క మాట అంటే చాలు.

లచ్చన్న ఫోన్ దగ్గరికి వంగాడు.

“లేదు బిడ్డా. కప్పు ఎత్తలే. ఒక పలక పక్కకు జరిపిన. మల్ల నేనే మూసిన.”